తలుపుల్లేని ఇంటావిడ

నర్సీపట్నంలో ఇళ్లు కొన్నవాళ్లు చాలామందే ఉన్నారు. కానీ అమ్మే మనిషి "వద్దు బాబూ, కొనకు" అని నోరు తెరిచి చెప్తుంటే, ఆవిణ్ణి బతిమాలి, అడిగినదానికంటే లక్ష ఎక్కువ చేతిలో పెట్టి మరీ కొన్నవాణ్ణి నేనొక్కణ్ణే. ఈ రికార్డు ఇప్పట్లో ఎవరూ కొట్టలేరు. పైగా నేను కొట్లో పుట్టి పెరిగినవాణ్ణి. మెయిన్ రోడ్డులో మా నాన్న స్టీలు సామాన్ల కొట్టు గల్లాపెట్టె పక్కన కూర్చునే అంకెలు నేర్చుకున్నాను. కొబ్బరికాయ కొనాలన్నా మూడు దుకాణాలు తిరిగి, మళ్లీ మొదటి దుకాణానికే వచ్చి, రెండు రూపాయలు తగ్గించి కొనే రకాన్ని. ఒకసారి డాక్టరు ఫీజు చెప్తే "ఫైనల్ చెప్పండి సార్" అని అలవాటుగా అనేసి, మా ఆవిడ చేత అక్కడే మొట్టికాయ తిన్నాను.

ఆ ఇల్లు అమ్మినావిడ పోయిన వారం కాలం చేసింది. కోటవురట్ల నుంచి ఆవిడ చెల్లెలి కూతురు ఫోన్ చేసి చెప్పింది.

"మీకూ ఓ మాట చెప్పాలనిపించిందండీ. మా పెద్దమ్మ మిమ్మల్ని తరచూ తలుచుకునీది."

"ఏమనేదమ్మా?"

"దేవుడులాటి మనిషి, ఒట్టి అమాయకుడు అనీదండీ."

దేవుడన్నందుకు పొంగిపోలేదు గానీ, అమాయకుడన్నందుకు రెండు రోజులు నాకు అన్నం సయించలేదు.

ఆవిడ పేరు రాయను. అరవై ఏళ్లు ఊరందరి కళ్లకీ కనపడుతూ బతికిన మనిషి. పేరైనా కనపడకుండా ఉండనిద్దాం.

ఊళ్లో ఆ ఇంటిని అద్దాలిల్లు అంటారు. రోడ్డు పొడవునా రైలుపెట్టెలా సాగి ఉంటుంది. లోతు తక్కువ. చేయి ఎత్తితే తగులుతుందేమో అనిపించే చదును కప్పు. రోడ్డు వైపు గోడ లేదు, ఈ చివర్నించి ఆ చివరికి అద్దాలే. ఒక మూల సిమెంటు జాలీ, కింద నల్లచుక్కల మొజాయిక్ నేల. ఇప్పుడు పెద్ద ఊళ్లలో కుర్రాళ్లు ఇలాంటి ఇంటి ముందు నిలబడి ఫోటోలు దిగుతారట. దిగనీండి. సాయంత్రానికి వాళ్లు తలుపులున్న ఇళ్లకి వెళ్లిపోతారు కదా.

ఆవిడ భర్త ఓవర్సీరు. ఏజెన్సీలో డ్యామ్ పని జరిగే రోజుల్లో అక్కడి క్యాంపులో ఉండేవాడు. ఇంజనీర్ల బంగ్లాలో ఎవరో వదిలేసిన ఫారిన్ పత్రిక ఒకటి ఆయన కంటపడింది. పెద్ద యుద్ధం అయ్యాక అటు దేశాల్లో ఇల్లంటే కొత్త ఆలోచన వచ్చిందట. పైకప్పు చదునుగా ఉండాలి, ఎత్తు తక్కువ ఉండాలి, నగిషీలు ఉండకూడదు. వంటా, భోజనం, కబుర్లూ అన్నీ ఒకే చోట. గదికీ గదికీ మధ్య అడ్డు ఉంటే మనిషికీ మనిషికీ మధ్య అడ్డున్నట్టే. మనకి స్వరాజ్యం వచ్చి అప్పటికి ఇరవై ఏళ్లు కూడా కాలేదు. పెంకుటిళ్ల చీకట్లో, పొగలో పెరిగిన ఆ ఓవర్సీరుకి ఈ మాటలు మంత్రాల్లా వినపడి ఉంటాయి. ఆయన్ని నేను తప్పుపట్టలేను. వెలుతురు కావాలనుకున్నాడు, అంతే.

వచ్చిన చిక్కేమిటంటే పత్రికలో ఉన్నవి నాలుగే ఫోటోలు. ప్లాను లేదు. ఆ నాలుగు ఫోటోల్లో కనపడింది కనపడినట్టు కట్టాడు. కనపడనిది ఆ ఇంట్లో లేదనుకున్నాడు. లోపలి గోడలూ, తలుపులూ ఏ ఫోటోలోనూ పడలేదు.

కుర్చీలదీ అదే కథ. ఫోటోలో కుర్చీల కాళ్లు పైన లావుగా, కిందికి సన్నబడుతూ, బయటికి వాలి ఉన్నాయి. అలా నున్నగా తిప్పగలిగేవాళ్లు ఈ చుట్టుపక్కల ఏటికొప్పాక బొమ్మల వాళ్లే. ఓవర్సీరు బొమ్మలు చేసే ఒకాయన్ని పట్టుకున్నాడు. కర్రని తిప్పుతూ చెక్కే ఆయన తిరుగుడుపట్టె మీద బొమ్మకి సరిపడా కర్రే పడుతుంది గానీ కుర్చీకాలంత పొడుగు పట్టదు. పట్టినంత మేరకే చేసిచ్చాడు, పైగా అలవాటు కొద్దీ ఎరుపూ పసుపూ లక్క పూసి మెరుగు పెట్టాడు. అందుకే ఆ ఇంట్లో కుర్చీలన్నీ జానెడు పొట్టి. కూర్చున్నవాళ్లు ఎవరో చేయందిస్తే తప్ప లేవలేరు. చుట్టాలు వచ్చినంత తేలిగ్గా వెళ్లలేకపోయేవారని ఆవిడే నవ్వుతూ చెప్పింది.

నవ్వడం అంటే శబ్దం ఉండేది కాదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు మాత్రం కదిలేవి. మాట కూడా గుసగుసే. మొదటిసారి వెళ్లినప్పుడు ఆవిడ చెప్పేది వినడానికి నేను ముందుకి వంగీ వంగీ ఆ పొట్టి కుర్చీలోంచి మొజాయిక్ మీదకి జారాను. ఆవిడ మాత్రం కుర్చీలో కూర్చోదు. ఇంట్లో అద్దం కాని గోడ ఒక్కటే, వెనక గోడ. దానికి వీపు ఆనించి కింద కూర్చునేది. నడిచినా ఆ గోడ వెంబడే.

ఆ రోజు మా మధ్య జరిగిన బేరం ఇది.

"ఈ ఇల్లు నీకెందుకు బాబూ?"

"ఉండటానికండీ. పైన రెండు పోర్షన్లు వేసి అద్దెకిద్దామని."

"పెళ్లయిందేటి?"

"అయిందండీ."

"అయితే కొనకు."

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. కర్ర పట్టుకుని లేచి, ఇల్లంతా తిప్పి చూపించడం మొదలెట్టింది.

"కప్పు కారుతాది. ఒక దగ్గిర కాదు, ఏడు దగ్గిర్ల. గిన్నెలెక్కడ పెట్టాలో నేల మీద మచ్చలున్నాయి, సూసుకో. ఈ స్తంబాలు సూసినావా? ఇనప గొట్టాలు. ఫోటోలో సన్నగా ఉన్నాయని ఇలాగ ఎయించీసినాడు. పైన మేడెయ్యాలంటే ఇవి మొయ్యవు. పడగొట్టి కట్టుకుందామనుకుంటావేమో, రోడ్డు ఎడల్పు సేస్తారట, కొలిసి గీత గీసి ఎల్లేరు. ఆ గీత సరిగ్గా నా పొయ్యి మీంచి ఎల్తాది. పడగొట్టినోడికి మిగిలిన ముక్కలో ప్లాను ఇవ్వరు."

ఇంత స్పష్టంగా, వరసగా, వేలు పెట్టి చూపిస్తూ చెప్పింది. పాలవాడైనా అర్థం చేసుకుని దణ్ణం పెట్టి వెళ్లిపోయేవాడు. నేను పాలవాణ్ణి కాదు కదా! మా నాన్న నాకు వ్యాపారంలో నేర్పిన మొదటి పాఠం ఒకటుంది. ఎవడైనా తన సరుకుని తనే తిట్టుకుంటున్నాడంటే, ఎక్కువకి కొనేవాడు వెనక గదిలో కూర్చున్నాడని అర్థం, నిన్ను సాగనంపడానికే తిడుతున్నాడు. కొట్లో మేమూ అదే చేసేవాళ్లం. పెద్ద గిరాకీకి అట్టే పెట్టిన గంగాళాన్ని చిన్న గిరాకీ అడిగితే "దానికి సొట్ట ఉంది తల్లీ" అని చెప్పి పంపించేవాళ్లం. కాబట్టి ఆవిడ చెప్పే ఒక్కో లోపం నా చెవిలో ఒక్కో శుభవార్తలా పడింది. రోడ్డు వెడల్పవుతుందంటే స్థలానికి ధర పెరుగుతుంది. ఎవరో పెద్దవాళ్లు దీని మీద కన్నేశారు. ముసలావిడ ఎంత గట్టిది!

ఆ ఇంట్లో వెనక గదే లేదన్న సంగతి నాకు తట్టలేదు.

చివర్లో బాత్రూం చూపించింది. ఇంటి మొత్తానికి లోపల తలుపున్నది దానికొక్కదానికే. తీసి చూస్తే మూల పొడిగా ఉన్న చోట ఒక చిన్న పీట, గూట్లో తమలపాకుల డబ్బా, కళ్లజోడు, చదివి చదివి అంచులు నలిగిన ఉత్తరాలు.

"ఇదేంటండీ?"

"అది నా గది," అంది.

ధర అడిగాను. ఇరవై ఎనిమిది లక్షలంది. నేను వెంటనే ఇరవై తొమ్మిది అన్నాను.

ఆవిడ నా మొహం కేసి కాసేపు చూసింది. "తక్కువకి కదా బాబూ అడగాలి నువ్వు?"

"వేరేవాళ్లకి మాట మాత్రం ఇవ్వకండి అమ్మగారూ. రేపే అడ్వాన్సు తెస్తాను."

"ఇంకోపాలి ఆలోసించుకో."

"ఆలోచించేశానండీ!"

అడ్వాన్సుకీ రిజిస్ట్రేషనుకీ మధ్య రెండు నెలలు. ఆ రెండు నెలలూ రోజూ ఏదో వంకతో ఆ ఇంటికి వెళ్లేవాణ్ణి, వేరే గిరాకీ వస్తే తరమడానికి. ఎవరూ వచ్చేవారు కాదు. రాకపోతే, రాత్రిపూట రహస్యంగా వస్తున్నారేమో అని అనుమానపడేవాణ్ణి. ఆవిడ నాకు టీ ఇచ్చి, గోడకి ఆనుకుని కూర్చుని, ఆ గుసగుస గొంతుతో ఒక్కొక్కటీ చెప్పేది. అన్నిటికీ ముగింపు మాట ఒకటే, "అంతా కనపడతాది బాబూ."

సంత రోజుల్లో కొండ మీంచి అడ్డాకులూ చింతపండూ తెచ్చే ఆడవాళ్లు అద్దాల ముందు ఆగి, ఈవిడ బియ్యం ఏరడం చూసేవారట. పెళ్లయిన కొత్తలో ఒకామె లోపలికే వచ్చేసింది. చుట్టూ చూసి, "ఏటి అమ్ముతారమ్మా ఇక్కడ?" అని అడిగిందట.

"మరి మీరేమన్నారు?"

"ఏటంటాను? ఇంకా ఏటీ అమ్మటం లేదమ్మా అన్నాను. పాపం, జాలిపడి ఓ అడ్డాకుల కట్ట ఊరికే ఇచ్చి ఎల్లిపోయింది."

తెర వేసుకోవచ్చు కదండీ అంటే, వేసిందట. ఓవర్సీరు తీయించేశాడు. ఆయన మంచివాడే. ఎప్పుడూ చెయ్యి చేసుకోలేదు, గట్టిగా అరవనూలేదు. "మనకి దాచుకోవాల్సిన పనులేం ఉన్నాయి?" అని మాత్రం అడిగేవాడట, నిజంగానే అర్థం కాక. ఎండుచేప వేయిస్తే వాసన ఆయన స్నేహితుల పేకాట దాకా వెళ్లేది. కోపమొచ్చినా, ఏడుపొచ్చినా బాత్రూంలో ఆ పీట మీద కూర్చుని, బయటికి వినపడకుండా కుళాయి తిప్పుకునేది. మంచం దగ్గర అడ్డంగా ఛాతీ ఎత్తు బీరువా ఒకటి ఉండేది, ఫోటోలో ఉన్నట్టే. దాని అవతల అత్తగారి మంచం.

ఒకరోజు నేను బుద్ధి లేక పిల్లల గురించి అడిగాను.

"పిల్లలెలాగ పుడతారు బాబూ, గోడల్లేకుండా?" అంది. భుజాలు కదిలాయి. నేను కూడా నవ్వాను. తర్వాత చూస్తే ఆవిడ నవ్వడం లేదు. కొంగు నోటికి అడ్డంగానే ఉంది.

ఆయన పోయాక గోడ కట్టించుకోకపోయారా అని అడిగితే, చెయ్యి అడ్డంగా ఊపింది. కట్టించిందట. కింద పునాది లేదు, ఉత్త మొజాయిక్. ఏడాది తిరక్కుండా గోడ ఒక పక్కకి కుంగి బీటలిచ్చింది. మీద పడుతుందని భయపడి తనే తీయించేసింది. అమ్మేద్దామని బోర్డు పెట్టింది. కోటవురట్లలో చెల్లెలి కూతురింట్లో ఖాళీ స్థలం ఉంది, అక్కడ ఒక గది వేసుకోవాలని కోరిక. "సచ్చీలోపు ఒక్క గదిలో తలుపేసుకుని కూకోవాల బాబూ, అంతే," అంది. నేను తల ఊపాను. లోపల మాత్రం, ఈ జాలి కబుర్లు చెప్పి ఇంకో లక్ష పెంచుతుందేమోనని లెక్కలు వేసుకున్నాను.

మేం జ్యేష్ఠంలో ఆ ఇంట్లో చేరాం. పదో రోజున వాన పట్టింది. ఏడు చోట్లా గిన్నెలు పెట్టాం. ఆవిడ అబద్ధం చెప్పలేదు, మచ్చల దగ్గర అంగుళం తేడా లేదు. మేడ గురించి ఒక ఇంజనీరుని తీసుకొస్తే ఆ గొట్టాల్ని వేలితో కొట్టి చూసి, "పైన బట్టలు ఆరేసుకోండి సార్, అంతవరకూ పరవాలేదు," అని కాఫీ తాగి వెళ్లిపోయాడు. రోడ్డు గీత కొలిపించాను. పొయ్యి మీంచే. మా ఆవిడ మూడో నెలకల్లా గుసగుసగా మాట్లాడటం మొదలెట్టింది. అద్దాల నిండా దుప్పట్లు కట్టింది, అయినా వెనక గోడ పక్క నుంచే నడుస్తోంది. ఒకరోజు కొట్టు నుంచి వచ్చి చూస్తే ఇల్లంతా ఖాళీ. బాత్రూంలోంచి కుళాయి శబ్దం. అరగంటైనా ఆగలేదు. నేను ఆవిడ వదిలేసి వెళ్లిన పొట్టి కుర్చీలో కూర్చుని ఉన్నాను. లేవబోయాను గానీ లేవలేకపోయాను.

మర్నాడే కోటవురట్ల బస్సెక్కాను. తిట్టాలని వెళ్లాను. దారంతా మాటలు కూర్చుకున్నాను.

చెల్లెలి కూతురింటి పెరట్లో పదడుగుల గది. ఆ గదికి టేకు తలుపు. రెండు రెక్కలు, ఇత్తడి ఉంగరాలు, కోటకి పెట్టాల్సిన తలుపు కోళ్లగూడంత గదికి పెట్టినట్టుంది. కొట్టాను.

"ఎవరూ?" లోపల్నించి ఖంగుమని గొంతు. ఇంకెవరో అనుకున్నాను.

పేరు చెప్పాను.

"ఏటి పని?"

"మాట్లాడాలండీ."

"ఆగు. తీస్తాను."

ఆగాను. ఒక నిమిషం కాదు, బాగా ఆగాను. లోపల ఏ చప్పుడూ లేదు. తర్వాత పై గడియ, ఆ తర్వాత కింద గడియ. ఆవిడ మొహం వెలిగిపోతోంది. "పనేటీ లేదు బాబూ, ఊరికే ఆపాను. తలుపు కొట్టించుకుని, ఆగమనాలని అరవై ఏళ్ల బట్టి కోరిక. నువ్వు ఎక్కువిచ్చిన లక్షతోనే ఈ తలుపు సేయించుకున్నాను. సూడు ఎంత బరువో, తొయ్యి!"

తోశాను. ఆవిడ మాట వినడానికి వంగాల్సిన పని లేకుండా పోయింది. వీధిలోకి వినపడేలా మాట్లాడుతోంది, నోరు తెరిచి నవ్వుతోంది. పైపన్ను ఒకటి లేదని అప్పుడే చూశాను.

కూర్చుకున్న మాటల్లో ఒక్కటి బయటికి వచ్చింది. "మీరు నన్ను మోసం చేశారు."

"అన్నీ సెప్పేను కదేటి? ఏటి దాసేను?"

"చెప్పారు. కానీ అలా చెప్తే ఎవరు నమ్ముతారండీ?"

"నీ ముందొచ్చిన పదకొండు మందీ నమ్మీసేరు," అంది. "నాలుగేళ్లు బాబూ. అందరూ నమ్మీవోళ్లే. లోపలికొస్తారు, ఇంటారు, దణ్ణం ఎట్టి ఎల్లిపోతారు. అబద్దం ఆడితే బేగి అమ్ముడైపోయీదే. నోరు రాలేదు. నమ్మనోడు ఒక్కడొస్తే సాలని సూసేను."

"నేను నమ్మనని మీకు ముందే తెలుసా?"

ఆవిడ నా వైపు కాకుండా తలుపు వైపు చూసింది. "కొట్టోళ్ల బిడ్డవని సెప్పేవు కదా. అబద్దం సెప్తే పట్టీసుకుంటావు. అందుకని నీకు ఇంకా ఇవరంగా సెప్పేను."

బేరంలో నన్ను ఇంత శుభ్రంగా ఓడించినవాళ్లు మా నాన్న తర్వాత ఈవిడే. అబద్ధం ఒక్కటి లేదు. లోపం ఒక్కటి దాచలేదు. ఏ పెద్దమనిషి దగ్గరికి తగువుకి వెళ్లినా ముందు నన్నే చూసి నవ్వుతారు. ఏం చేయాలో తెలియక, ఆ ఇంట్లో మా ఆవిడ కుళాయి తిప్పుకుని కూర్చుంటోందని చెప్పాను. ఆవిడ నవ్వు ఆగిపోయింది. గొంతు మళ్లీ పాత గుసగుసలోకి దిగింది.

"అందుకే కదా బాబూ, పెళ్లయిందేటని మొదట్నే అడిగేను."

టీ తాగాను. వెళ్లొస్తానని బయటికి వచ్చాక వెనక రెండు గడియలూ పడిన చప్పుడు విన్నాను. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు వెళ్లాను. ప్రతిసారీ బయట ఆపేది. ఆపనిచ్చేవాణ్ణి.

పోయిన వారం ఫోనులో చెల్లెలి కూతురు చెప్పినదాని ప్రకారం, మధ్యాహ్నం భోంచేసి పడుకుందట, లోపల్నించి గడియలు వేసుకుని. సాయంత్రం ఎంత పిలిచినా తీయలేదు. ఊరికే ఆపుతోందనుకుని వీళ్లు కాసేపు చూశారు. చివరికి వడ్రంగిని పిలిచి తలుపు కోయించాల్సి వచ్చింది. "అంత మంచి టేకు తలుపండీ, ఎందుకూ పనికిరాకుండా పోయింది," అని ఆ అమ్మాయి బాధపడింది. అది కూడా నిజమైన బాధే, నేను కాదనను.

ఇక లెక్క. ఇల్లు ఇరవై తొమ్మిది లక్షలు. రిజిస్ట్రేషనూ మధ్యవర్తీ కలిపి రెండు. కప్పు కారకుండా మందు పూయించడానికి మూడు దఫాల్లో మూడు. మొత్తం ముప్పై నాలుగు. కిందటి నెల ఒకాయన వచ్చి చూసి, ఉన్నదున్నట్టు చెప్పాక, ఇరవైకైతే ఆలోచిస్తానన్నాడు. ఇంకా ఆలోచిస్తున్నాడు. ఆయన కొన్నాడనే అనుకుంటే నష్టం పద్నాలుగు లక్షలు. ఇరవై ఎనిమిది నెలలుగా ఆ ఇంట్లోనే ఉన్నాం కాబట్టి, నెలకి పదివేల చొప్పున మిగిలిన అద్దె రెండు లక్షల ఎనభై వేలు తీసేయమంది మా ఆవిడ, గుసగుసగా. తీసేశాను. పదకొండు లక్షల ఇరవై వేలు. ఇల్లమ్మినావిడ తన గదిలో ఉన్నదీ ఇరవై ఎనిమిది నెలలే. భాగిస్తే నెలకి నలభై వేలు పడింది. కోటవురట్లలో పదడుగుల గదికి అంత అద్దె ఎవరూ ఇవ్వరు. నేనిచ్చాను. తెలిసి ఇచ్చి ఉంటే దానం అని రాసుకునేవాణ్ణి. తెలియక ఇచ్చాను కాబట్టి నష్టం అనే రాస్తున్నాను.